1 గెలుపు, 9 ఓటములు: బేర్ బ్రయంట్ జంక్షన్ క్యాంపు అసలు కథ

ఈ ఎపిసోడ్ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. మనం కాలితో ఆడే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతితో ఒకర్నొకరు గుద్దుకునే ఆట. అక్కడ కాలేజీ టీముల మ్యాచ్‌లకే లక్ష మంది స్టేడియంకి వచ్చే రోజులుంటాయి. కాబట్టి కాలేజీలో హెడ్ కోచ్ అంటే ఆ ఊరికి దాదాపు ముఖ్యమంత్రి లెక్క.

ఆ కోచ్‌లలో అందరూ తలుచుకునే పేరు పాల్ బ్రయంట్. కుర్రతనంలో ఎలుగుబంటితో కుస్తీకి దిగాడట, అందుకే 'బేర్' అనే పేరు పడింది. అలబామాని 6 సార్లు జాతీయ ఛాంపియన్ చేశాడు. మొత్తం 38 సీజన్లు, 323 గెలుపులు. ఇన్నేళ్ళలో గెలిచిన వాటికంటే ఓడినవి ఎక్కువైన సీజన్ ఒకే ఒక్కటి. 1954, టెక్సాస్ ఎ అండ్ ఎం. అవును, మనవాళ్ళు ఎంఎస్‌కి వెళ్ళే ఆ యూనివర్సిటీయే. విచిత్రం ఏంటంటే, ఆయన గెలిచిన చాలా సీజన్ల కంటే ఈ ఓడిన సీజన్ మీదే ఎక్కువ కథలున్నాయి. పుస్తకం వచ్చింది, 2002లో సినిమా కూడా వచ్చింది. ఆ కథని ఇన్నాళ్ళూ చెబుతున్న తీరుతో నాకు పేచీ ఉంది.

ముందు జరిగింది చెప్తాను. బ్రయంట్ కెంటకీ యూనివర్సిటీ వదిలేసి 1954 మొదట్లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికి అది మగపిల్లలు మాత్రమే చదివే, మిలిటరీ క్రమశిక్షణ ఉన్న కాలేజీ. ముందు ఏడాది టీము 4 గెలిచి, 5 ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. గొప్పగా లేదు, అలాగని కుప్పకూలిన టీము కూడా కాదు. ఈయనకి మాత్రం టీము మెత్తగా ఉందనిపించింది. సెప్టెంబర్ మొదట్లో అందర్నీ బస్సులెక్కించి జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. పాత విద్యార్థులూ, పత్రికలవాళ్ళూ అడ్డురాకూడదని అంత దూరం.

టెక్సాస్ అప్పుడు ఏళ్ళ తరబడి సాగిన కరువులో ఉంది. ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతోంది, అంటే మన లెక్కలో 38 సెల్సియస్ పైన. గ్రౌండ్‌లో గడ్డి లేదు, రాళ్ళూ ముళ్ళూ. ఉండడానికి రేకుల షెడ్లు. ప్రాక్టీస్ మధ్యలో నీళ్ళు ఇవ్వరు. ఇది బ్రయంట్ ఒక్కడి క్రూరత్వం అనుకోకండి, నీళ్ళు తాగితే ఆటగాడు బలహీనపడతాడని ఆ రోజుల్లో చాలామంది కోచ్‌లు నిజంగానే నమ్మేవాళ్ళు. ఒక కుర్రాడు వడదెబ్బకి పడిపోయి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. రాత్రిళ్ళు పెట్టె సర్దుకుని చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతోమంది. వెళ్ళింది దాదాపు 100 మంది, 10 రోజుల తర్వాత మిగిలింది 35 మంది దాకా. అంకెలు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. రెండు బస్సుల్లో వెళ్ళి ఒక బస్సులో తిరిగొచ్చాం అని జీన్ స్టాలింగ్స్ అనేవాడు. ఆయనా ఆ మిగిలినవాళ్ళలో ఒకడు.

ఇక సీజన్. మొదటి మ్యాచ్‌లోనే టెక్సాస్ టెక్ చేతిలో 41-9. మొత్తం 10 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటి, జార్జియా మీద 6-0. మిగతావన్నీ చిత్తుగా ఓడినవి కావు. టీసీయూతో ఒక్క పాయింట్ తేడా, 21-20. ఎస్ఎంయూతో 6-3. ఇక్కడ ఒక రూల్ తెలియాలి. 1953 నుంచి ఆటగాళ్ళని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం ఆపేశారు. అటాక్ చేసినవాడే డిఫెన్స్ కూడా ఆడాలి. అలాంటి ఏడాదిలో మూడింట రెండొంతుల మందిని వదులుకుంటే ఏమవుతుంది? నా అంచనా ఏంటంటే, ఆ దగ్గరి ఓటముల్లో కొన్నైనా జంక్షన్‌లోనే ఖరారైపోయాయి. కోచ్ తన బెంచ్‌ని తనే ఖాళీ చేసుకున్నాడు.

ఇప్పుడు అసలు పేచీ. 1955లో 7 గెలుపులు, 2 ఓటములు, ఒక డ్రా. 1956లో ఒక్క ఓటమి లేదు, 9 గెలుపులు, ఒక డ్రా, సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ టైటిల్. దాంతో కథ ఇలా స్థిరపడింది: జంక్షన్ ఎండలో కాలినవాళ్ళే ఛాంపియన్లయ్యారు. కొంత నిజమే, స్టాలింగ్స్, జాక్ పార్డీ 1956 టీములో ఉన్నారు. కానీ ఆ టీములో పేరు మోసినవాడు జాన్ డేవిడ్ క్రో. 1957లో హైస్మన్ ట్రోఫీ ఆయనకే వచ్చింది. క్రో జంక్షన్‌కి వెళ్ళనే లేదు! 1954లో ఆయన ఫస్టియర్. అప్పటి రూల్స్ ప్రకారం ఫస్టియర్ వాళ్ళు మెయిన్ టీముకి ఆడకూడదు, అందుకే క్యాంపుకి తీసుకెళ్ళలేదు. చార్లీ క్రూగర్‌దీ అదే బ్యాచ్.

అంటే ఆ గెలుపుల వెనక ఎండ కంటే పెద్ద కారణం రిక్రూట్‌మెంట్. అది కూడా శుభ్రంగా జరగలేదు. నిబంధనలు తప్పి కుర్రాళ్ళని చేర్చుకున్నారని కాన్ఫరెన్స్ వాళ్ళు 1955లో శిక్ష వేశారు. అందుకే 1956లో టైటిల్ గెలిచినా కాటన్ బౌల్‌కి వెళ్ళనివ్వలేదు, వీళ్ళ బదులు టీసీయూ వెళ్ళింది. పాత విద్యార్థులు కొందరు ఆటగాళ్ళకి డబ్బులిచ్చారని బ్రయంట్ తర్వాత తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు కూడా. ముళ్ళ గ్రౌండ్ గురించి చెప్పినంత గట్టిగా ఈ డబ్బు సంగతి ఎవరూ చెప్పరు. సినిమాకి పనికొచ్చేది ముళ్ళే కదా.

1979లో మిగిలినవాళ్ళు జంక్షన్‌లో మళ్ళీ కలిశారు, బ్రయంట్ కూడా వచ్చాడు. వాళ్ళిచ్చిన ఉంగరం ఆయన 1983 జనవరిలో చనిపోయేదాకా తీయలేదు. ఆ ప్రేమ నిజమే, నేను కాదనడం లేదు. కాకపోతే ఆ సమావేశంలో కూర్చున్నది తట్టుకున్నవాళ్ళు. వెళ్ళిపోయిన 60 మందికి పైగా కుర్రాళ్ళని మనం పిరికివాళ్ళ లెక్కలో రాసేశాం. వాళ్ళలో కొందరికి ఒళ్ళు ఇంకో రోజు ఆగనని చెప్పి ఉంటుంది. అది వినడం తెలివైన పని.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, 2018 మే 29న మేరీల్యాండ్ యూనివర్సిటీలో జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ళ ఆటగాడు ప్రాక్టీస్‌లో కూలిపోయాడు. వడదెబ్బ. రెండు వారాల తర్వాత, జూన్ 13న చనిపోయాడు. వడదెబ్బ తగిలినవాణ్ణి వెంటనే చల్లని నీళ్ళ తొట్టిలో ముంచాలి. ఆ పని చేయలేదని విచారణలో తేలింది, యూనివర్సిటీ ప్రెసిడెంట్ బాధ్యత ఒప్పుకున్నాడు. హెడ్ కోచ్‌ని అక్టోబర్ 30న కొనసాగిస్తామన్నారు, గొడవ కావడంతో మర్నాడే తీసేశారు.