కుందూ లోయ మాగాణులు: నీరు, నేల, పైరు పరిశీలన చరిత్ర

కుందూ లోయ మాగాణులు అనే మాట నంద్యాల జిల్లాలో తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండల నడుమ కుందూ నది, గాలేరు, మద్దిలేరు, వక్కిలేరు వంటి ఏర్ల వెంబడి కాలువ నీటితో సాగయ్యే తడి భూములకు వర్తిస్తుంది. లోయ నడిబొడ్డున నంద్యాల, దానికి దక్షిణంగా నల్లమల పాదానికి చేరువలో ఆళ్ళగడ్డ ఉన్నాయి. రెవెన్యూ లెక్కల్లో ఇటువంటి భూమిని తరి అనీ, వాన మీద ఆధారపడే భూమిని ఖుష్కి అనీ రాసేవారు. వాడుకలో అవి మాగాణి, మెట్ట. కొల్లేరు, పులికాట్ల మాదిరిగా ఇది ప్రకృతి ఏర్పరచిన చిత్తడి కాదు, జొన్న, పత్తి పండే నల్లరేగడి మీదికి మనిషి నీటిని తెచ్చి చేసిన చిత్తడి. అందువల్ల ఇక్కడ పరిశీలన అనేది పక్షులను లెక్కించడంతో కాక కాలువ తూములతో, పత్తి గింజలతో, మట్టి పరీక్షలతో మొదలై, నీటినీ నేలనూ పైరునూ చాలాకాలం వేరువేరు శాఖల చేతుల్లో ఉంచింది.

నేల స్వభావం

ఈ లోయ కడప శిలావ్యవస్థలోని కర్నూలు వర్గపు రాళ్ళ మీద ఉంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథంలో కడప, కర్నూలు శిలలను వర్గీకరించాడు. నేటికీ ఆ వరుసలోని పై పొరలను నంద్యాల షేల్ అనీ, కోయిలకుంట్ల సున్నపురాయి అనీ పిలుస్తారు. షేల్ అంటే పలకలు పలకలుగా విడిపోయే మెత్తని బంకరాయి. ఆ బంకరాయీ సున్నపురాయీ శిథిలమై, ఏరులు తెచ్చిన ఒండ్రు తోడై లోయ నడుమ లోతైన నల్లరేగడి ఏర్పడగా, రుద్రవరం, ఆళ్ళగడ్డల నుంచి కొండవైపు పోయే కొద్దీ ఎర్రనేలలు, గరప నేలలు కనిపిస్తాయి.

నల్లరేగడిలోని బంకమట్టి తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. వేసవిలో నెరియలు విచ్చిన నేల తొలి వానను ఆ నెరియల గుండా లోపలికి తాగి, ఉబ్బి నెరియలు పూడగానే ఇక నీటిని దాదాపు కిందికి దిగనివ్వదు. మెట్టపంటకు ఇది వరం, ఎందుకంటే లోపల దాగిన పదును శీతకాలపు పైరును గట్టెక్కిస్తుంది. నిత్యం నీరు నిలిపే వరిమడికి మాత్రం ఇదే గుణం మురుగు పోని ఇబ్బందిగా మారుతుంది. లోయలో తరువాత జరిగిన పరిశీలనలన్నీ ఏదో ఒక రూపంలో ఈ గుణం చుట్టూనే తిరిగాయి.

కొలతలకు ముందు

పరికరాలు రాకముందు నేలను చూసే పద్ధతి లేదనుకోవడం పొరపాటు. పిడికెడు మట్టిని నొక్కి ముద్ద కట్టిందా పొడి రాలిందా అని చూసి దుక్కికి పదును తేల్చేవారు. తుంగ, జమ్ము తెగ పెరిగిన చోట నీరు దిగడం లేదనీ, నేల మీద తెల్లని పొర కట్టి పైరు మచ్చలు మచ్చలుగా చచ్చిన చోట చౌడు తేలిందనీ గుర్తించేవారు. చెరువు కింద ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూసే నీరుగంటి, ఒక విధంగా ఊరి నీటి కొలతగాడు. మహానంది ఊటలు ఏడాది పొడుగునా పారి, తమ కింద అరటి తోటలనూ వరినీ పోషించడం వల్ల కాలువ రాకకు పూర్వమే కొండ పాదాన కొంత మాగాణి ఉండేది. 

కాలువ, కంపెనీ

లోయ రూపు మార్చినది కర్నూలు–కడప కాలువ, అంటే కె.సి. కెనాల్. ఆర్థర్ కాటన్ ఆలోచనల ప్రేరణతో, ప్రభుత్వం లాభానికి హామీ ఇచ్చిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టి, తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట నుంచి సాగునీటికీ పడవలకూ పనికివచ్చేలా సుమారు 300 కిలోమీటర్ల కాలువను 1870 ప్రాంతానికి పూర్తిచేసింది. కుందూ మీద రాజోలి, పెన్న మీద ఆదినిమ్మాయపల్లి ఆనకట్టలు ఈ వ్యవస్థలోనివే. కంపెనీ ఆశించిన రాబడి రాలేదు. నల్లరేగడికి నీరు కట్టడానికి రైతులు వెనుకాడారు. దీన్ని వారి అజ్ఞానంగా చూడటం న్యాయం కాదు, వానకు తడిసిన రేగడి తనంతట తానే జొన్ననూ పత్తినీ పండించగలదనీ, అదనపు నీరు ఆ నేలను జిగురు చేస్తుందనీ వారికి అనుభవం చెప్పింది. 1876–78 కరవు అప్పటి కర్నూలు జిల్లాను తీవ్రంగా దెబ్బతీసిన తరువాత 1882లో ప్రభుత్వమే కాలువను కంపెనీ నుంచి కొనుక్కుంది. నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి కూర్చగా 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఆనాటి జిల్లా స్థితిగతులను తెలుసుకోవడానికి ఇప్పటికీ ఆధారగ్రంథం.

అప్పట్లో కొలిచినది ప్రధానంగా నీటినే, అదీ కాలువలో ఎంత పారింది, ఎన్ని ఎకరాలకు శిస్తు కట్టవచ్చు అన్న లెక్క కోసం. నేలను తరాలుగా వర్గీకరించడం కూడా శిస్తు కోసమే జరిగింది. ఆ ధోరణి చాలాకాలం నిలిచింది: కృష్ణా జలాల పంపకంపై 1976లో ప్రకటితమైన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు కె.సి. కెనాల్‌కు 39.9 టీఎంసీల నీటిని కేటాయించింది (టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు). సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరు ఎంత వస్తుందో ఈ అంకె చెబుతుంది గాని, మడి దాటిన నీరు ఎటు పోతుందో, పోకుంటే నేల ఏమవుతుందో చెప్పదు.

పత్తి క్షేత్రం నుంచి వరిమడికి

1906లో నంద్యాలలో వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. అది నేటి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధన స్థానం. ఈ ప్రాంతపు పత్తికి వ్యాపారంలో నార్తర్న్స్ అనే పేరుండగా, దాన్ని మెరుగుపరచడమే క్షేత్రపు తొలి పనుల్లో ఒకటి. తరువాతి కాలంలో ఇక్కడి నుంచి వచ్చిన నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర, యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ పేరుపొందాయి. వీటిలో ఎక్కువ భాగం మెట్ట పైర్లు కావడం గమనించదగ్గది: కాలువ ఆయకట్టు నడుమ ఉన్న పరిశోధన స్థానం ప్రధానంగా కాలువ అక్కర లేని పంటలకు పేరు తెచ్చుకుంది. వరి రకాలు కూడా ఇక్కడ రూపొందాయి గాని, నీట మునిగిన నేల శాస్త్రానికి పునాది వేరే చోట పడింది.

ఆ పునాదిలో ముఖ్యమైన రాయి అప్పటి మద్రాసు రాజధానిలోనే, కోయంబత్తూరులో ఉంది. డబ్ల్యూ.హెచ్. హారిసన్, పి.ఎ. సుబ్రహ్మణ్య అయ్యర్ 1913 నుంచి వరిమడి నేలలోని వాయువుల మీద వరుసగా పరిశోధనలు ప్రకటించారు. మునిగిన మట్టిలో మీథేన్ వంటి వాయువులు పుడతాయనీ, నేల పైన పరచుకున్న నాచుపొర వాటిని మార్చివేస్తూ నీటికి ప్రాణవాయువు అందిస్తుందనీ వారు చూపారు. రైతు కళ్ళకు ఉత్త పాకుడుగా కనిపించే ఆ పొర వరి వేరుకు ఊపిరి అందించడంలో తోడ్పడుతుందన్న ఈ నిరూపణ, నీరు, నేల, మొక్క మూడింటినీ ఒకే చూపులో పట్టుకున్న అరుదైన సందర్భం; తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి ఇంకా ఎక్కువ చోటు దక్కవలసింది. తరువాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో శ్రీలంకకు చెందిన పొన్నంపెరుమా 1972లో ప్రకటించిన సమీక్ష మునిగిన నేలల రసాయన మార్పులను వరుసగా వివరించింది. నీరు నిలిచిన నేలలో ప్రాణవాయువు త్వరగా తీరిపోగా, సూక్ష్మజీవులు మొదట నైట్రేటును, తరువాత మాంగనీసు, ఇనుము, గంధకపు లవణాలను వాడుకుంటూ పోయి చివరికి మీథేన్‌ను విడుదల చేస్తాయి.

ఈ జ్ఞానం కుందూ లోయ రైతుకు సూటిగా తగిలింది జింకు రూపంలో. సున్నం ఎక్కువగా ఉన్న రేగడిలో జింకు పైరుకు సులభంగా అందదు, నీరు నిలిస్తే ఇంకా తగ్గుతుంది. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు లేచి పైరు గిడసబారుతుంది. పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే 1966లో, వరిలో ఈ లక్షణాలతో కనిపించే ఖైరా తెగులుకు కారణం జింకు లోపమేనని నిరూపించడంతో, తెగులుగా భావించినది నేల రోగమని తేలింది. మొక్క ఆకును చూసి నేలను చదవడమనే పాత పద్ధతికి ఇది శాస్త్రం ఇచ్చిన అర్థం.

మురుగు, చౌడు, భూగర్భ నీటిమట్టం

మాగాణి స్థిరపడ్డాక అసలు ప్రశ్న నేలలోపలి నీటిమట్టం గురించి తలెత్తింది. 1991లో కేంద్ర జలవనరుల మంత్రిత్వశాఖ నియమించిన కార్యబృందం భూగర్భ నీరు రెండు మీటర్ల లోపు ఉన్న నేలను మురుగు నేలగా, రెండు నుంచి మూడు మీటర్ల మధ్య ఉన్నదాన్ని ఆ ప్రమాదానికి చేరువైనదిగా నిర్వచించింది. మట్టం అంత పైకి వస్తే నీరు సన్నని రంధ్రాల గుండా ఎగబాకి ఆవిరవుతూ, తనతో తెచ్చిన లవణాలను పైన వదిలిపెడుతుంది. లవణాల కొలతకు విద్యుద్వాహకత, అంటే మట్టిసారం కరెంటును ఎంత ప్రసరింపజేస్తుందన్న లెక్క ఉపయోగపడుతుంది. 1954లో అమెరికా వ్యవసాయ శాఖ వెలువరించిన చేతిపుస్తకం ప్రకారం అది మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పునేల. సోడియం పాలు పెరిగి ఉదజని సూచిక 8.5 దాటితే అది కారు చౌడు, దానికి జిప్సం వేసి, మంచినీటితో కడిగి, ఆ కడిగిన నీటిని మురుగు కాలువలోకి పంపాలి. మురుగు కాలువ లేని చోట ఈ వైద్యం సగంలోనే ఆగిపోతుంది.

1983లో మొదలైన తెలుగు గంగ పథకం లోయకు రెండో నీటి అంచును చేర్చింది. 16.95 టీఎంసీల వెలుగోడు జలాశయం నుంచి నల్లమల పాదం వెంట దక్షిణానికి సాగే దాని ప్రధాన కాలువ ఆళ్ళగడ్డ ప్రాంతపు ఎర్రనేలలకు నీరిచ్చింది. దానితో పైన తెలుగు గంగ, కింద కె.సి. కెనాల్ ఉన్న చోట్ల ఊట నీరు ఎక్కడిదో తేల్చడానికి బావుల మట్టాన్ని క్రమంగా రాయడం తప్పనిసరైంది. 1995–2003 మధ్య ప్రపంచబ్యాంకు సాయంతో నడిచిన జలశాస్త్ర ప్రాజెక్టు ఆంధ్రప్రదేశ్‌లో పీజోమీటర్లను విస్తరించింది; నీరు తోడకుండా మట్టం చూడటానికే వేసే సన్నని బోరును పీజోమీటర్ అంటారు. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి పంపకాన్ని నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది.

నేల పరీక్షకు వస్తే, దేశంలో 1955–56లో కొద్ది ప్రయోగశాలలతో మొదలైన సేవ, 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రం పథకంతో పన్నెండు అంశాల పట్టికగా రైతు చేతికి వచ్చింది. అయితే ఆ పత్రంలో నీటిమట్టానికి గడి లేదు.

నది, చట్టం, ఉపగ్రహం

కుందూ ప్రవాహాన్ని కేంద్ర జలసంఘం దిగువన కడప జిల్లాలోని అల్లాడుపల్లె వద్ద కొలుస్తుంది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో నంద్యాల నుంచి మద్దూరు వరకు ఉన్న కుందూ భాగం కూడా ఉంది. దీనికి కొలబద్ద బీఓడీ, అంటే నీటిలోని మలినాన్ని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు. అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించితే ఆ భాగం జాబితాలోకి చేరుతుంది.

చిత్తడి నేలలను కాపాడే చట్టం మాత్రం ఈ మాగాణులను లెక్కలోకి తీసుకోలేదు. 1971 నాటి రాంసార్ ఒడంబడిక సాగునీటి పొలాలను మానవ నిర్మిత చిత్తడి నేలల్లో చేర్చగా, 2008లో ఆ ఒడంబడిక సభ్యదేశాలు వరిమళ్ళను చిత్తడి వ్యవస్థలుగా గుర్తిస్తూ తీర్మానించాయి. ఇందుకు భిన్నంగా భారతదేశపు 2017 చిత్తడి నేలల నియమాలు వరిమళ్ళనూ సాగునీటికోసం కట్టిన నిర్మాణాలనూ నిర్వచనం నుంచి మినహాయించాయి. పొలం ప్రతి ఒక్కటీ చట్టంలో చిక్కుకోకుండా ఉండటానికి ఆ మినహాయింపు అవసరమే కావచ్చు. కాని దాని ఫలితంగా, కొల్లేటికి దక్కిన సమగ్ర పరిశీలన నీటిని మోసే ఈ ఆయకట్టుకు దక్కదు.

2012 ఏప్రిల్ 26న ప్రయోగించిన రాడార్ ఉపగ్రహం రీశాట్-1 మబ్బులను చీల్చుకుని నిలిచిన నీటిని గుర్తించగలిగేది; తరువాత వచ్చిన యూరప్ వారి సెంటినెల్-1 వంటివి కూడా ఆ పని చేయగలవు. 2019 సెప్టెంబరులో కుందూ, మద్దిలేరు పొంగి మహానంది ఆలయ ప్రాంగణంలోకి సైతం నీరు చేరిన వరదలో ఈ సాంకేతికతకు ఉన్న పరిమితిని చక్కగా అర్థం చేసుకోవచ్చు: రాడార్ కిరణం నున్నని నీటి మీద పడి పక్కకు పోవడం వల్ల చిత్రంలో ఆ చోటు నల్లగా కనిపిస్తుంది గాని, నాటు వేయడానికి రైతు కట్టిన నీటికీ, గట్టు తెంచుకుని వచ్చిన నీటికీ రంగు ఒకటే. రెండిటినీ వేరు చేయడానికి నాటు తేదీలు తెలిసిన గ్రామ వ్యవసాయ సిబ్బంది మడి గట్టు మీదికి వెళ్ళి చూడవలసి వస్తుంది.