అలవాటైన యంత్రము

కంప్యూటరును నడిపించు మూలవ్యవస్థను, అనగా ఆపరేటింగ్ సిస్టమును, క్రొత్తగా ఎక్కించుట సులభమా, కష్టమా అని ప్రొద్దుటూరు అంగళ్లలో అడిగినచో, విండోస్ సులభము, లినక్స్ కష్టము అను సమాధానమే తరచుగా వినవచ్చును. ఈ తీర్పు ఎట్లు ఏర్పడినదో విచారించినచో, ఇందులో యంత్రపు గుణము కంటె మన అలవాటు పాలే హెచ్చని మాకు తోచుచున్నది.

మైక్రోసాఫ్టువారు 1981లో ఐ.బి.ఎం. కంప్యూటరుకు డాస్‌ను అందించిరి. 1995 ఆగస్టులో విండోస్ 95 వెలువడినది. యంత్రము ఇల్లు చేరకముందే దానిలో విండోస్ ఎక్కియుండుట క్రమముగా వాడుకయైనది. లేనిచో అంగడివారే ఎక్కించి ఇచ్చెడివారు. కావున విండోస్ సులభమనువారిలో పెక్కురు దానిని స్వయముగా ఎక్కించి యెరుగరు. వడ్డించిన సంగటి తిన్నవానికి పొయ్యి సెగ తెలియునా?

లినక్స్ పుట్టుక వేరు. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని లోకమునకు వెల్లడించెను. తొలినాళ్లలో దానిని ఎక్కించుటకు ఫ్లాపీల దొంతర కావలెను. డిస్కును మనమే భాగములు చేయవలెను; తెర యొక్క పౌనఃపున్యములను సైతము మనమే వ్రాసి యీయవలెను. ఆనాడు కష్టమన్నమాట నిజమే. కాని 2004లో ఉబుంటు వచ్చినది. 2006 జూన్ నాటి కూర్పును డిస్కును ముట్టకయే సి.డి. నుండి నడిపి చూచి, నచ్చినచో ఎక్కించుకొనవచ్చును. అది అడుగునది భాష, కీబోర్డు, ఊరి కాలము, డిస్కులో చోటు, వాడువారి పేరు. అంతకు మించి లేదు. కష్టము పోయినది, చెడ్డపేరు మిగిలినది.

విండోస్ ఎక్స్‌పీ సంగతి చూడుడు. 2001లో వచ్చిన ఆ వ్యవస్థకు ఇరువదియైదు అక్షరముల తాళపుచెవి కొట్టవలెను. సాటా డిస్కును అది గుర్తింపనిచో, ఆరంభములోనే ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ నుండి డ్రైవరు అందింపవలెను. శబ్దమునకొక సి.డి., తెరకొక సి.డి. వేరుగా! అంగడి కుర్రవాడు ఈ తంతు వందసార్లు నడిపినవాడు గనుక దీనిని కష్టమని లెక్కింపడు. అతడే లినక్స్‌లో సి డ్రైవ్ కానరాక, ఫైళ్లన్నియు పోయినవని బెదరును. అక్కడ డిస్కులన్నియు ఒకే మూలమునకు పుట్టిన కొమ్మలు. అతని భయము పూర్తిగా నిరాధారము కాదు; డిస్కంతయు తుడుచుటకు అనుమతించినచో నిజముగానే పోవును.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినపుడు పదహారణాల లెక్కకు అలవాటుపడిన వారికి, నూటి లెక్క సులువైనదైనను, చిక్కుగానే తోచినది గదా!

మాతృభాష సైతము అలవాటు ముందు ఒక్కొక్కప్పుడు పరాయిదగును. స్వేచ్ఛ సంస్థ మొదలగువారు లినక్స్‌కు తెలుగు తొడిగిరి. అట్టి తెలుగు తెరపై ఫైలు దస్త్రమైనది. దస్త్రము మన కచేరీలలో వాడిన మాటయే. అయినను ఫైలని నేర్చినవాడు అక్కడ తడబడును. జమ్మలమడుగు వంటి ఊళ్లలో పెండ్లిపత్రికలు కూర్చువారికి అను ఫాంట్ల మీటల వరుస వ్రేళ్లకు పట్టియుండును. అవి విండోస్‌కు కట్టుబడినవి. వారిని మారుమనుట న్యాయము కాదు.

కేరళలో కథ తలక్రిందులు. 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ పథకము ఆ దశాబ్దిలోనే ప్రభుత్వ పాఠశాలలను లినక్స్‌కు మరలించినది. వేలకొలది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. అక్కడ బడిలో మొదటిసారి మౌసు పట్టిన పిల్లకు లినక్సే కంప్యూటరు.

ఇది ఇప్పుడు మన యిండ్ల ఖర్చుతో ముడిపడిన ప్రశ్న. విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. 2021లో వచ్చిన విండోస్ 11 టీ.పీ.ఎం. 2.0 అను భద్రతా భాగమును కోరును. అది లేని పాత యంత్రములు పెక్కు. బిడ్డ చదువునకు కొనిన ల్యాప్‌టాప్‌ను పారవేయుటకు ముందు, పెన్‌డ్రైవు నుండి లినక్స్‌ను కొన్ని దినములు నడిపి చూచుట మేలు. ఫైళ్లకు వేరొకచోట నకలు తీసికొనిన పిమ్మటనే ఎక్కింపవలెను. పులివెందులలో 2006 నుండి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, ఇడుపులపాయలో 2008 నుండి ట్రిపుల్ ఐటీ ఉన్నవి. వానిలో చదివిన పిల్లవాడెవడైన మీ వీధిలో నుండిన, తొలిసారి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీటలు మాత్రము మీరే నొక్కుడు.