ప్రవరుని సొగసు: విద్యానగరమునుండి బళ్లారి రంగస్థలము వరకు

తెలుగు ప్రబంధ నాయకులలో మనుచరిత్రములోని ప్రవరునికి దక్కినంత కీర్తియు, తగిలినంత నిందయు మఱియొకనికి లేవనవచ్చును. హిమాలయ సానువులలో ఒంటిగా నున్నపుడు తనంత తాను వలచి వచ్చిన అచ్చరను కాదని యింటికి పోయినవాడు. ఆతని యింద్రియనిగ్రహమును మెచ్చువారు మెచ్చుచునే యున్నారు. అరసికుడని నవ్వువారు నవ్వుచునే యున్నారు. ఈ యిరుపక్షములవారును ఒక్కటే పొరపాటు చేయుచున్నారు. ప్రవరునియందు శృంగారమునకు తావే లేదని యిద్దఱును ముందుగా ఒప్పుకొని, ఆ పిమ్మట ఒకరు పొగడుదురు, ఒకరు తెగడుదురు. కావ్యమును నిదానించి చదివినచో ఆతని యాకర్షణము నిరాకరణముతో పుట్టినది కాదనియు, అంతకు ముందే పుట్టినదనియు తోచును.

ఈ విచారము బళ్లారి సీమ తెలుగువారికి పొరుగింటి మాట కాదు. మనుచరిత్రము కృష్ణదేవరాయల (1509–1529) కొలువున వెలసినది. మార్కండేయపురాణములోని స్వారోచిష మనుసంభవ కథను చెప్పుమని రాయలే కోరినట్లు అల్లసాని పెద్దన కావ్యావతారికలో చెప్పుకొన్నాడు. ఆ విద్యానగరపు శిథిలములు తుంగభద్ర యొడ్డున హంపీలో నున్నవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్లారి, హొసపేట మొదలగు తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకును పోయినవి. 2021లో హంపీ, హొసపేటలు బళ్లారి జిల్లానుండి వేఱుపడి విజయనగర జిల్లాలో చేరినవి. జిల్లా హద్దులు ఇన్ని మార్లు మాఱినను ప్రవరుని కథకు తొలి శ్రోతలు ఈ నేలమీదివారే.

పెద్దన ప్రవరుని ముందుగా అందగానిగానే ప్రవేశపెట్టినాడు. అరుణాస్పదపురమున నున్న ఆ యువకుడు రూపమున మన్మథుని బోలినవాడట. అయినను ఆ చక్కదనము పరస్త్రీల కందనిది. విరిసిన సంపెంగ తుమ్మెదలకు అందనట్లు. ఈ పోలిక తేలికగా దాటిపోదగినది కాదు. తుమ్మెద సంపెంగను చేరదనుట కవిసమయము. దోషము పూవులో లేదు, పరిమళమునకు కొదువ లేదు. నిరాకరణ ఘట్టము రాకముందే, సొగసును దూరమును ఒకే రేకులో చుట్టి కవి మన చేతికిచ్చినాడు. ప్రవరుడు కురూపియో, ముదుసలియో అయినచో ఆతని నియమమునకు విలువ కట్టువారెవరు?

రెండవది, చాలమంది విమర్శకులు చాలినంత గమనింపనిది, ఆతని దేశాటనకాంక్ష. అగ్నిహోత్రము విడువరాదు, వృద్ధులైన తల్లిదండ్రులను విడువరాదు, ఇల్లాలు అతిథులకు వండి వడ్డించుచుండును. ఊరు దాటుటకు వీలులేని ఈ గృహస్థు వచ్చిన ప్రతి బాటసారిని కూర్చుండబెట్టుకొని చూచిన దేశములెవ్వి, మునిగిన తీర్థములెవ్వి యని అడుగును. సిద్ధుడు పాదలేపమును చూపినపుడు ఆతని మనస్సు పరుగెత్తిన తీరు చూడవలెను. ఇంటిపట్టుననున్న మనుష్యుని గుండెలో దాగిన దూరదేశపు మోహమిది. ఇట్టి మోహము గలవానిని శుష్కవైదికుడనుట ఎట్లు? హిమాలయపు జలపాతములను, గుహలను, నెమళ్లను చూచి చూచి మైమఱచినందుననే కాలి పసరు మంచునకు కరగిపోయిన సంగతి ఆతనికి తెలియలేదు. రసికుని కన్ను గలవాడే. ఆ కన్ను కొండలపై నిలిచినది.

ఇక వరూధిని. కస్తూరి, కర్పూరములతో కూడిన తాంబూలపు వాసన గాలిలో రాగా, ఇచట మనుష్యులున్నారని ఊహించి ఆ వాసన పట్టుకొని పోయి ప్రవరుడు ఆమెను చేరును. దారి చెప్పుమని అడుగును. అంత పెద్ద కన్నులుంచుకొని త్రోవ యడుగుటా, ఒంటరి పడుచులను పలుకరించుటకు ఇదొక నెపము గాని, యని ఆమె పరిహసించును. ఈ సంభాషణములోని నాగరకత రాజధానీనగరపు నాగరకత. 1520 ప్రాంతమున విద్యానగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అచటి వారకాంతల ఐశ్వర్యమును వర్ణించుచు, వారు నగరమున మంచి వీథులలో నివసించెదరనియు, రాణుల సముఖమునకు పోయి వారితో కూడ తాంబూలము వేయుటకు సయితము వారికి చెల్లుననియు వ్రాసినాడు. తాంబూలపు వాసనతో మొదలైన ఈ ఘట్టము విన్న సభవారికి వరూధిని స్వర్గమునుండి దిగినదానివలె గాక, రాజవీథిలోని మేడ దిగి వచ్చినదానివలె కనబడి యుండవచ్చును. అట్టి నగరమున కాదనుట యెంత యరుదో ఆ శ్రోతలకు తెలియును.

ప్రవరుని నిరాకరణము నిర్మలమైన శాస్త్రవాక్యము మాత్రమే కాదు. అందు భయమున్నది. ఆకలితో తనకై యెదురుచూచు తల్లిదండ్రుల తలపున్నది. అగ్నికార్యము తప్పునేమోయను కంగారున్నది. ఆమె కౌగిలింపబోగా భుజములు పట్టి త్రోసివేయును. గోరు తగిలినదని ఆమె కన్నీరు పెట్టును. ఈ త్రోపు అరసికమేయని ఒప్పుకొనక తప్పదు. సుకుమారముగా కాదనుట ఆతనికి చేతకాలేదు. అయినను లోలోపల చలించిన మనుష్యునికే అంత బలము కావలసివచ్చును. రాతికి త్రోయవలసిన పని లేదు. కవి ఈ మాట విప్పి చెప్పలేదు. సంపెంగ పోలికను తలచుకొన్నవారికి మాత్రము ఇట్లు తోచును.

పెద్దన గొప్పతనమంతయు ఈ ప్రశ్నకు పరీక్ష పెట్టుటలో నున్నది. పరీక్ష పురాణములోనే కలదు. దానిని నాటకముగా పెంచినవాడు పెద్దన. పూర్వము వరూధిని తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపు దాల్చి వచ్చును. ముఖమదే, కంఠమదే, సమ్మతి మాత్రము క్రొత్త. సమాగమవేళ కన్నులు మూసికొనవలెనని ఆతడు నియమము పెట్టును. ఆమె అంగీకరించి సుఖించును. అట్లయిన రూపమే చాలునని తేలినట్లా? తేలలేదు. మూసిన కన్నులలో ఆమె తలచుకొన్నది అగ్నివలె వెలిగి వెళ్లిపోయిన తొలి ప్రవరుని. ఆ తలపువలననే అగ్నితేజముగల స్వరోచి జన్మించెనని పురాణము చెప్పును. దగ్గఱ నున్న శరీరము గంధర్వునిది; వరింపబడినవాడు ఇంటనున్న బ్రాహ్మణుడు. మాయాప్రవరుని పేరుతో నేటికిని ఎవరికిని వలపు లేదు. హాస్యమున కాతని పేరు వాడుకొందుము.

ఇట్టి నాయకుడే మూడున్నర శతాబ్దముల తరువాత బళ్లారి రంగస్థలమునకు వచ్చినాడు, వేఱు పేరుతో. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో న్యాయవాదవృత్తిలో నుండి సరసవినోదినీ సభను నడపి, విషాద సారంగధర నాటకమును వ్రాసిరి. సవతితల్లి చిత్రాంగి మోహమును కాదన్న రాజకుమారుని కథ. సంస్కృత సంప్రదాయమునకు విరుద్ధముగా దానిని విషాదముగా ముగించుటచే ఆ నాటకము తెలుగు నాటకచరిత్రలో ప్రసిద్ధికెక్కినది. సారంగధరుని సొగసును ప్రవరుని సొగసుతో తూచినచో రాజకుమారుని వైపు త్రాసు తేలిపోవును. తల్లివరుసయైన స్త్రీని కాదనుటకు ఎంత యోగ్యత కావలెను? అచట ధర్మమొక్కటే దారి. ప్రవరుని ముందు రెండు దారులుండెను. ప్రేక్షకుడు సారంగధరునికై కన్నీరు పెట్టును, ప్రవరునికై వాదులాడును.

స్త్రీపాత్రలలోని భేదము ఇంకను పెద్దది. చిత్రాంగి వలపు పగగా మాఱి నిందవేసి కాలుసేతులు నఱికించును. వరూధిని దుఃఖమున నలిగినదే కాని ప్రవరునికి కీడు తలపెట్టలేదు. కాదన్నవానిని తలచుకొని బిడ్డను కన్న ఆమె యౌదార్యమును ప్రవరుని పద్దులో వేసి లెక్కించుట విమర్శకుల కలవాటైనది. అది ఆమె సొత్తు.

ఆ నాటకముల కాలమున స్త్రీవేషములు పురుషులే కట్టుచుండిరి. నాయకుని సొగసునకు విలువకట్టు చూపు రంగమున పురుషునిదే యయ్యెను. రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) ఈ పద్ధతిని ఎదిరించి, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి నటీమణులతో కలసి నటించిరి. ఆయనకు పేరు తెచ్చిన పఠాన్ రుస్తుం వేషము కోలాచలం శ్రీనివాసరావుగారి రామరాజు నాటకములోనిది. 1565లో విద్యానగరము కూలిన కథ అది. అందు ఆయన ధరించినది ప్రణయనాయకుని పాత్ర కాదు.