గోధుమ చేల నడుమ ఒక రన్‌వే

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఆర్కాన్సస్ నది పెద్ద వంపు తిరిగే చోట గ్రేట్ బెండ్ ఉంది. జనాభా 15,000 లోపే. చుట్టూ గోధుమ చేలు, చమురు బావులు. ఊరికి పడమర నగరపాలక సంస్థ సొంత విమానాశ్రయంలో 7,800 అడుగులకు పైబడిన రన్‌వే ఉంది. ఇంత చిన్న ఊరికి అంత రన్‌వే రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని వచ్చింది.

కొత్త బి-29 బాంబర్లు నడిపే సిబ్బందికి తర్ఫీదు ఇవ్వడానికి 1943లో సైన్యం ఇక్కడ స్థావరం పెట్టింది. ఆ విమానాలు తయారయ్యే బోయింగ్ కర్మాగారం అదే రాష్ట్రంలోని విచిటాలో ఉంది. తొందరపడి తయారుచేసిన విమానాలు కావడంతో ఇంజన్లు వేడెక్కి మంటలు రేగేవి. 1944 మార్చిలో వైమానిక దళాధిపతి హెన్రీ ఆర్నాల్డ్ కాన్సస్‌లోనే మరో బి-29 స్థావరమున్న సలీనాకు వచ్చి చూస్తే, యుద్ధానికి పంపదగ్గ విమానం ఒక్కటీ లేదు. హ్యాంగర్లలో చోటు చాలక మెకానిక్కులు మంచుగాలిలో ఆరుబయటే రేయింబవళ్లు పనిచేశారు. చేతులు కొంకర్లు పోతే కాసేపు కాచుకుని మళ్లీ రెక్కల మీదికి ఎక్కేవారు. నెల తిరిగేసరికి విమానాలు బయల్దేరాయి. ఆ శ్రమకు చరిత్రలో ‘కాన్సస్ యుద్ధం’ అనే పేరు నిలిచింది.

ఆ విమానాలు వచ్చింది మన దేశానికే. గ్రేట్ బెండ్‌లో తర్ఫీదైన 444వ బాంబర్ గ్రూపు కొన్నాళ్లకు ఖరగ్‌పూర్ దాపునున్న దూధ్‌కుండీలో మకాం వేసింది. రైల్వే కొలువుల కోసం తెలుగువాళ్లు ఎందరో వెళ్లి స్థిరపడ్డ ఖరగ్‌పూరే అది.

యుద్ధం ముగిశాక గ్రేట్ బెండ్ విమాన మైదానం ఊరి చేతికొచ్చింది. సైన్యానికి అక్కర తీరిన ఇలాంటి స్థావరాలను, ప్రజల విమానాశ్రయాలుగానే నడపాలన్న షరతుతో స్థానిక సంస్థలకు అప్పగించేందుకు అప్పటి చట్టాలు వీలు కల్పించాయి. ఆ షరతు లేకపోతే ఎన్నో రన్‌వేలు ఈపాటికి నాగలి కిందికి పోయేవి. మైదానాన్ని ఊరు రకరకాలుగా వాడుకుంది. నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ తొలి జాతీయ డ్రాగ్ రేసులు (తిన్నని దారిలో కార్ల వేగపు పోటీలు) 1955లో జరిగింది ఈ ఆవరణలోనే. వాన అడ్డుపడి, చివరి పోటీలు ఆరిజోనాకు మారాయి.

1970లో విమాన టికెట్లపై పన్నుతో జాతీయ నిధి ఏర్పడ్డాక చిన్న విమానాశ్రయాలకూ మరమ్మతుల డబ్బు దారి దొరికింది. ఇప్పుడు అలాంటి పనుల ఖర్చులో సాధారణంగా 90 శాతం లేదా అంతకంటే ఎక్కువ కేంద్ర నిధే భరిస్తుంది. 1978లో విమాన రంగంపై ఆంక్షలు ఎత్తేశాక, లాభం రాని ఊళ్లకు సర్వీసులు ఆగకుండా ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది. గ్రేట్ బెండ్‌కూ అది అందింది. కానీ ఎక్కేవాళ్లు తగ్గిపోయి, చివరికి సర్వీసు ఆగిపోయింది.

విమాన సర్వీసే లేని ఊరికి విమానాశ్రయం దండగ అనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పెద్దాసుపత్రి గంటల దూరంలో ఉన్న పల్లెసీమలో గుండెపోటు రోగిని తీసుకెళ్లే అంబులెన్సు విమానానికీ, పైరుకు తెగులు సోకితే మందు చల్లే విమానానికీ దిగడానికి చోటుండాలి. వీటిలో ఏదీ టికెట్ల లెక్కలో కనబడదు. ఇలాంటి విమానాశ్రయాన్ని ఊరి రోడ్లతో, మంచినీళ్లతో కలిపి లెక్కగట్టాలి.