కారు పూతకు యంత్ర పాలిషింగ్

యంత్ర పాలిషింగ్ అనేది కారు పైపూతపై ఏర్పడిన సన్నని గీతలను, నీటి మరకలను, వన్నె తగ్గిన పొరను తిరిగే ప్యాడుతోనూ రాపిడి పదార్థంతోనూ అతి పల్చగా అరగదీసి, ఉపరితలాన్ని నునుపు చేసే ప్రక్రియ. ఇందులో గీత పూడదు; చుట్టూ ఉన్న పూత తగ్గి గీత అడుగుతో సమమవుతుంది, కనుక ప్రతి పాలిషింగూ పూత ఆయువులో కొంత హరిస్తుంది.

కర్మాగారం నుంచి వచ్చే కార్లలో రంగుపై ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్ల మందంలో ఉంటుంది. ప్రత్యేకంగా రంగు వేయించిన కార్లలో ఇది పెయింటరు పనితనాన్ని బట్టి మారుతుంది. మెరుపు పూతపై పారదర్శక రంగు వేసే క్యాండీ పెయింటులో ప్రమాదం మరీ ఎక్కువ: ప్యాడు క్లియర్ కోటును దాటి రంగును తాకితే అక్కడ ఛాయ తేలిపోతుంది, ఆ మచ్చ వరకే సరిదిద్దడం చాలా కష్టం.

ఇంటివద్ద డ్యూయల్ యాక్షన్ పాలిషరే మేలు; దాని ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకూ కదలడం వల్ల వేడి ఒకేచోట చేరదు. ఒకే అక్షంపై తిరిగే రోటరీ పాలిషర్ త్వరగా పని చేస్తుంది, అంతే త్వరగా పాడూ చేస్తుంది. కారును నీడలో కడిగి, అంటుకున్న మలినాలను క్లే బార్‌తో తీసి, పూత పల్చగా ఉండే అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, మెత్తని ఫోమ్ ప్యాడు, తక్కువ రాపిడి గల పాలిష్‌తో చిన్న భాగంలో పరీక్షించి, ఫలితం చాలకపోతేనే ఎక్కువ రాపిడి గల కాంపౌండు వాడడం పద్ధతి. పాలిష్‌లోని నూనెలు గీతలను తాత్కాలికంగా కప్పేస్తాయి కాబట్టి, నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ఫలితాన్ని అంచనా వేయాలి. పాలిషింగ్ తర్వాత రక్షణకు వ్యాక్స్ పూస్తారు కానీ, కొత్తగా వేయించిన రంగుపై మాత్రం పెయింటు తయారీదారు చెప్పిన గడువు ముగిసేదాకా దాన్ని పూయకూడదు.