సున్నపుకట్టు తెగులు: పట్టుపురుగు కణాలనుండి శిలీంధ్రం తన్ను తాను కాపాడుకొనే తీరు – అధ్యయన చరిత్ర

వ్యాససంగ్రహం:
పట్టుపురుగులకు సోకే సున్నపుకట్టు తెగులుకు కారణం ఒక శిలీంధ్రం. ఒక సూక్ష్మజీవి వల్ల జంతువుకు వ్యాధి కలుగుతుందని ప్రయోగపూర్వకంగా నిరూపితమైన తొలి సందర్భాలలో ఇది ప్రముఖమైనది. ఈ శిలీంధ్రం పురుగు దేహంలోని రక్షకకణాలను ఏ విధంగా తప్పించుకొంటుందో తెలుసుకొనేందుకు జరిగిన కృషిని చారిత్రకక్రమంలో పరిశీలించి, మదనపల్లె పరిసరాల పట్టురైతుకు ఆ జ్ఞానం ఎందుకు అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పట్టుపురుగు, సున్నపుకట్టు, బవేరియా బాసియానా, భక్షకకణాలు, మదనపల్లె.

1. ఉపోద్ఘాతం:
పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు కర్ణాటక పట్టుసీమకు చేరువలో ఉన్న మెట్టభూములు. వర్షాధారపు వేరుశనగ, బోరుబావుల కింద టమాట, మల్బరీ ఇక్కడి రైతుకు ఆధారాలు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల వాతావరణం చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం పట్టుపురుగుకు హితమే. అయితే వానకాలంలోనూ చలికాలంలోనూ గాలిలో తేమ పెరిగినప్పుడు అదే చల్లదనం శిలీంధ్రానికీ అనుకూలిస్తుంది.

పట్టుపురుగు గుడ్డు పగిలి బయటకు వచ్చింది మొదలు గూడు కట్టేదాకా దాదాపు నాలుగు వారాలు పడుతుంది. పురుగు తన జీవితకాలంలో తినే ఆకులో అత్యధికభాగం చివరిదైన అయిదవ దశలోనే తింటుంది. తెగులు ఆ దశలో బయటపడితే రైతు పెట్టిన ఆకు, కూలి, గుడ్ల ఖరీదు అన్నీ ఒక్కసారిగా నష్టమౌతాయి. కాబట్టి ఈ చర్చ ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైనది కాదు.

2. పేరులోని పోలిక:
తెగులు సోకిన పురుగు చనిపోయాక మెత్తబడి కుళ్ళిపోదు. గట్టిపడి, కొద్దిరోజులలో సున్నం పూసినట్లు తెల్లని పొడితో కప్పబడుతుంది. అందువల్లనే తెలుగు రైతులు దీనిని 'సున్నపుకట్టు' అన్నారు. కన్నడంలోనూ 'సుణ్ణకట్టు' అనే వ్యవహారం ఉంది. ఇటలీ పట్టురైతులు ఇదే తెగులును 'కాల్చినాచ్చో' అని పిలిచారు. ఆ మాటకు మూలమైన 'కాల్చీనా' అనే పదానికి అర్థం సున్నమే. రెండు రైతుసమాజాలు ఒకే లక్షణాన్ని గుర్తించి ఒకే ఉపమానంతో పేరు పెట్టడం గమనార్హం. శాస్త్రం కారణాన్ని కనుగొనడానికి ముందే రైతు పరిశీలన ముఖ్యలక్షణాన్ని పట్టుకొన్నదనడానికి ఈ పేర్లే సాక్ష్యం.

3. అగస్తీనో బాస్సీ నిరూపణ:
ఇటలీలోని లోడీ పట్టణ సమీపంలో 1773లో జన్మించిన అగస్తీనో బాస్సీ న్యాయశాస్త్రం చదివినవాడు. 1807లో ఈ తెగులుపై పరిశీలన ప్రారంభించి దాదాపు పాతికేళ్ళు శ్రమించాడు. తెగులు పురుగులో దానంతట అదే పుడుతుందనే భావన ఆనాడు బలంగా ఉండేది. బాస్సీ కూడా మొదట ఆ దారిలోనే వెదకి విఫలుడయ్యాడు. చివరకు చనిపోయిన పురుగుపై తెల్లని పొడి ఏర్పడిన తరువాతనే తెగులు ఇతర పురుగులకు అంటుతోందని గ్రహించాడు. ఆ పొడి సజీవమైన శిలీంధ్రానిదని నిరూపించి 1835లో గ్రంథం ప్రకటించాడు. పట్టుపురుగుల మరొక తెగులుపై లూయీ పాశ్చర్ కృషి ప్రారంభించినది 1865లో. అంటే బాస్సీ గ్రంథం దానికి మూడు దశాబ్దాల ముందుది.

బాస్సీ గౌరవార్థం ఆ శిలీంధ్రానికి 'బాసియానా' అనే పేరు వచ్చింది. 1912లో అది 'బవేరియా' ప్రజాతిలో చేరింది. పనిముట్లను మరిగించడం, పురుగులు పెంచే గదిని శుద్ధిచేయడం, రోగగ్రస్తమైన పురుగులను వేరుచేయడం బాస్సీ సూచించిన నివారణోపాయాలు.

4. భక్షకకణాల ఆవిష్కారం:
తెగులుకు కారణం తెలిసింది గాని, పురుగు దేహం దానిని ఎందుకు ఎదిరించలేకపోతోందనే ప్రశ్న మిగిలింది. ఆ దిశలో తొలి అడుగు వేసినవాడు ఈల్యా మెచ్నికోవ్. 1884లో ఆయన డాఫ్నియా అనే నీటిపురుగును పరిశీలించి, దాని దేహంలో ప్రవేశించిన శిలీంధ్రబీజాలను సంచారకణాలు చుట్టుముట్టి మింగడాన్ని వర్ణించాడు. కణాలు గెలిస్తే నీటిపురుగు బ్రతికింది. బీజాలు మొలకెత్తితే ఆ కణాలే నశించాయి. ఈ కృషికి గుర్తింపుగా ఆయనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. వ్యాధిని ఇరుపక్షాల పోరుగా చూసే దృష్టి ఇక్కడ ఆరంభమైంది.

5. శిలీంధ్రపు రక్షణోపాయాలు:
బవేరియా సిద్ధబీజం పట్టుపురుగు నోటిద్వారా ప్రవేశించవలసిన పనిలేదు. అది చర్మానికి అతుక్కొని, తేమ తగిలితే మొలకెత్తి, మాంసకృత్తులనూ కైటిన్‌నూ కరిగించే ఎంజైములతో పైపొరను ఛేదిస్తుంది. లోపల పురుగు రక్తకణాలు రెండు విధాలుగా ఎదుర్కొంటాయి. మింగగలిగినంత చిన్నవాటిని మింగుతాయి. మింగలేనివాటి చుట్టూ గుమిగూడి గోడ కడతాయి. ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చర్యవల్ల ఆ గోడలో నల్లని మెలనిన్ చేరి, లోపలి శత్రువును బంధిస్తుంది.

దీనికి శిలీంధ్రం చేసే ప్రతిక్రియలు మూడు. మొదటిది మారువేషం. రక్తకణాలు శిలీంధ్రాన్ని గుర్తించేది దాని కణకవచంలోని గ్లూకాన్ చక్కెరల ఆధారంగా. రక్తంలో ప్రవేశించాక బవేరియా ఆ గుర్తులు అంతగా బయటపడని చిన్న కణాలుగా విడిపోయి వృద్ధిచెందుతుంది. దీనివలెనే కీటకాలకు సోకే మెటారైజియం కొల్లాజెన్‌ను పోలిన మాంసకృత్తును కప్పుకొని తన చక్కెరలను మరుగుపరుస్తుందని 2006లో వెల్లడైంది. రెండవది నిరాయుధీకరణ. బవేరియా తయారుచేసే ఊస్పొరీన్ అనే ఎర్రని పదార్థం కీటకపు ఫినాల్ ఆక్సిడేజ్ వ్యవస్థను అణచివేస్తుందని 2015లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మూడవది స్వాధీనరక్షణ. పురుగు చనిపోయాక ఆ కళేబరంపై బాక్టీరియాలు పోటీకి వస్తాయి. ఊస్పొరీన్ వాటినీ అదుపు చేస్తుంది. సున్నపుకట్టు పురుగు కుళ్ళకుండా గట్టిపడడం వెనుక శిలీంధ్రం కళేబరాన్ని ఇలా తన అధీనంలో ఉంచుకోవడం ఉంది.

6. ఆయుధాల పుట్టుక:
శిలీంధ్రానికి ఈ నేర్పు ఎక్కడిది? మట్టిలో అమీబాలు శిలీంధ్రకణాలను మింగి బ్రతుకుతాయి. అమీబా మింగే తీరుకూ రక్తకణం మింగే తీరుకూ సామ్యం ఉంది. మనుషులకు మెదడుపొరల వ్యాధి కలిగించే క్రిప్టోకాకస్, అమీబాలోనూ మానవుని భక్షకకణంలోనూ ఒకే రీతిగా జీవించగలుగుతోందని 2001లో వెలువడిన పరిశోధన చూపింది. కీటకశిలీంధ్రాల నేర్పు కూడా అమీబాలను తప్పించుకొనే క్రమంలో ఏర్పడినదేనా అని 2010లో పరిశోధకులు ప్రశ్నించారు. బవేరియా, మెటారైజియం జాతులు అమీబా మింగిన తరువాత కూడా మొలకెత్తగలవని వారు గమనించారు. ఇది ఇంకా ప్రతిపాదనే అయినా, దీని సూచన విలువైనది. శిలీంధ్రానికి పట్టుపురుగుపైగాని మనిషిపైగాని ప్రత్యేకవైరం లేదు. అది మట్టిలో బ్రతకడానికి నేర్చిన విద్య ఇతర దేహాలలోనూ పనికివస్తున్నది.

7. ఒకే ఊరు, రెండు అవసరాలు:
మెచ్నికోవ్ 1879లోనే గోధుమను పాడుచేసే పెంకుపురుగుపై మెటారైజియంను ప్రయోగించాడు. ఆ పరంపరలో నేడు బవేరియా పొడి జీవసంబంధమైన పురుగుమందుగా దుకాణాలలో దొరుకుతోంది. టమాట రైతుకు అది రసాయనిక మందుల ఖర్చునూ విషాన్నీ తగ్గించే మిత్రం. పక్క పొలంలో మల్బరీ ఉన్న రైతుకు అదే శిలీంధ్రం శత్రువు. పట్టుపురుగులు పెంచేచోట దీనిని వాడరాదనే హెచ్చరిక ఉన్నప్పటికీ, టమాట మడికీ మల్బరీ తోటకూ మధ్య గట్టు మాత్రమే ఉన్న పల్లెల్లో ఆ హెచ్చరికను పాటించడం ఒక్క రైతు చేతిలో ఉండదు. ఇరుగుపొరుగు రైతులు మాట్లాడుకొని నిర్ణయించుకోవలసిన విషయమిది.

8. ముగింపు:
రక్తకణాలను ఏమార్చగల శిలీంధ్రాన్ని పురుగు దేహంలో ప్రవేశించాక ఆపడం దుస్సాధ్యమని ఈ చరిత్ర చెబుతున్నది. దానికి నిజమైన బలహీనత దేహం వెలుపలే ఉంది. తేమ లేనిదే బీజం మొలకెత్తదు. తెల్లని పొడి ఏర్పడకముందే కళేబరాన్ని తీసివేస్తే తెగులు వ్యాపించదు. అందుకే మైసూరులోని కేంద్రీయ పట్టు పరిశోధన సంస్థ రూపొందించిన 'విజేత' పొడిని పురుగుల పడకలపై చల్లడం, వానకాలంలో సున్నం చల్లి పడక తడి ఆర్చడం, గాలి ఆడేటట్లు చూడడం, చచ్చిన పురుగులను ఏరి కాల్చడం నేటికీ ప్రధానోపాయాలు. బాస్సీ 1835లో చెప్పిన శుభ్రతాసూత్రాలకు ఇవి దూరమైనవి కావు. తరువాతి పరిశోధనలు ఆ సూత్రాలను తోసిపుచ్చలేదు. అవి ఎందుకు తప్పనిసరియో కణస్థాయిలో వివరించాయి.