చెట్ల సంరక్షణ శిక్షణ – హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ బెంగళూరు ఆగ్నేయాన, అగర చెరువు పక్కన ఉంది. ఇక్కడి వీధిచెట్లకూ పార్కులకూ శిక్షణ పొందిన చేతులు కావాలి. నగరంలో ఆ విద్యకు పాత చిరునామా లాల్‌బాగ్. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఈ తోటలో కర్ణాటక ఉద్యాన శాఖ రైతుబిడ్డలకు 10 నెలల తోటపని శిక్షణ నడుపుతోంది.

కొమ్మ కోయడంలోనే పనితనం తెలుస్తుంది. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి గాటు పెట్టి, కాస్త అవతల పైనుంచి కోసి, మిగిలిన మోడును కొమ్మ మొదట్లోని ఉబ్బు చెడకుండా తీయాలి. కాండానికి అంటగా నరికితే గాయం పూడక కుళ్లు పడుతుంది; నగరంలో ఇలాంటి నరుకుడే ఎక్కువ కనిపించడం బాధాకరం.

చెట్లే కాదు, మురుగు చేరిన చెరువులను కప్పేసే గుర్రపుడెక్కను కూడా పూత రాకముందే తీయాలి. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. చెట్టు కొట్టడానికి 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద వృక్షాధికారి అనుమతి ఉండాలి.